అడవి ముచ్చట్లు: గయానా నుంచి వచ్చిన గొడుగుల ఫొటోలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుట్టగొడుగుల గురించే. ముసురు పట్టి నాలుగు రోజులైంది కదా, ములుగు రోడ్డులో జంగాలపల్లి దాటాక టేకు ఆకుల మీద కుప్పలు పోసి అమ్మేవాళ్లు కనబడుతున్నారు. మనసు అటే పోతుంది. ఒక ఉత్తరం మాత్రం నన్ను ఏకంగా దక్షిణ అమెరికాకు లాక్కెళ్లింది. డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను. మా చిన్నమ్మాయి గయానాలో ఎంబీబీఎస్ ముగించిన ఏడాది అక్కడికి వెళ్లి, ఎనిమిది రోజులు ఇవోక్రమ అడవిలో ఉండి వచ్చాను. అందుకని మొదటి జవాబు పొడుగైంది. ఎడిటర్ గారు కత్తిరిస్తానన్నారు, నేను ఒప్పుకోలేదు.

ప్ర: మేడమ్ గారూ, మా బాబు గయానాలో మెడిసిన్ రెండో ఏడు. మొన్న సెలవుల్లో దోస్తులతో కలిసి కైటూర్ జలపాతం చూడబోయాడు. అక్కడి అడవిలో తీసిన ఏడు ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. గులాబీ రంగు కప్పులు, ఎర్ర టోపీది ఒకటి, తెల్లటి జాలి గౌను తొడుక్కున్నట్టున్నది ఒకటి. పేర్లు చెప్పగలరా? వీటిలో తినేవి ఉన్నాయా? – ఒక తండ్రి, నర్సంపేట

జ: ఏడింటిలో రెండింటిని గుర్తుపట్టాను. ఒకదానికి ఇంటిపేరు, అంటే ప్రజాతి పేరు, మాత్రం చెప్పగలను. మిగతా నాలుగూ పైనుంచి తీసిన ఫొటోలు. వాటి గురించి నేనేం చెప్పినా అది సోది చెప్పినట్టే.

గులాబీ కప్పులు కుకీనా. ఇవోక్రమలో మొదటి రోజే ఇవి నా కాళ్లకు అడ్డం పడ్డాయి. దారి మీద విరిగి పడిన కొమ్మ, బొటనవేలంత లావు. దాని మీద వరసగా పదకొండు కప్పులు, దేవుడి గూట్లో కుంకుమ భరిణెల మూతలు తీసి పెట్టినట్టు. ఒక్కోటి రూపాయి బిళ్లంత. అంచు చుట్టూ సన్నటి నూగు, కనురెప్ప వెంట్రుకల్లా. కొన్నింట్లో వాన నీళ్లు. మా వెంట వచ్చిన గైడు ఆ ప్రాంతపు మకూషి తెగ మనిషి. నీళ్లు లేని కప్పు ఒకటి చూపించి ఊదమన్నాడు. నా మోకాళ్ల సంగతి మీకు తెలియదు గానీ, ఆ బురదలో కూర్చుని ఊదాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత కప్పులోంచి అగరుబత్తి పొగలాంటిది సన్నగా లేచి, వంకర తిరిగి పోయింది. అవే సిద్ధబీజాలు, గొడుగుల విత్తనాల్లాంటివి. కప్పు లోపలి గోడ నిండా కంటికి కనబడని సంచులుంటాయి, సంచికి ఎనిమిదేసి బీజాలు. గాలి తగిలితే చాలు, వేల సంచులు ఒక్కసారే పేలతాయి. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఆ సంచుల బొమ్మ గీశాను. పొగ చూడడం అదే మొదటిసారి.

జాలి గౌనుది ఫాలస్ ఇండూసియేటస్. మీ బాబు దాన్ని అక్కడే చూడడం నాకు సరదాగా అనిపించింది. 1798లో వెంటెనా అనే ఫ్రెంచి ఆయన ఆ పేరు పెట్టింది, గయానాకు ఆనుకునే ఉన్న సురినామ్ నుంచి వచ్చిన నమూనా చూసే. అప్పట్లో దాన్ని డచ్ గయానా అనేవాళ్లు. గుడ్డు లాంటి బుడిపె పగిలి, కొన్ని గంటల్లోనే జానెడు పైకి లేస్తుంది, గౌను కిందికి జారుతుంది. తల మీద ముదురాకుపచ్చ జిగురు, దానికి కుళ్లు కంపు. ఆ కంపుకు ఈగలు వచ్చి వాలతాయి, జిగురుతో పాటు బీజాలు మోసుకుపోతాయి. ఫొటోకు వాసన ఉండదు కాబట్టే వాట్సాప్‌లో అంత అందంగా కనబడుతుంది.

ఇక ఎర్ర టోపీది. దీన్ని మాత్రం మీ బాబు పక్కనుంచి తీశాడు, కాడ విరిగి కనబడుతోంది. సుద్దముక్క విరిగినట్టు విరిగింది, పీచు లేదు. అందుకే రస్యులా అంటున్నాను. అది నిలబడ్డ చోటు కూడా నా మాటకు బలం ఇస్తోంది. అమెజాన్ వైపు అడవుల్లో ఎక్కువ చెట్ల వేళ్లతో జతకట్టే శిలీంధ్రాలు నేల లోపలే ఉంటాయి, గొడుగు ఎత్తవు. మన ఏటూరునాగారం టేకుదీ అదే కథ. వేరులో శిలీంధ్రం ఉంటుంది, నేల మీద దాని జాడ ఉండదు. అందుకే ఆ అడవుల్లో నేల మీద కన్నా పడిపోయిన మానుల మీద, రాలిన ఆకుల మీద వెతకాలి. కానీ గయానాలో పొటారో నది ఎగువన, పకరైమా కొండల్లో, డైసింబి అనే చెట్టు ఒక్కటే కిలోమీటర్ల పొడుగునా తోపులా పెరుగుతుంది. మన చింత, కానుగల కుటుంబమే అది. దాని వేళ్లతో జతకట్టిన శిలీంధ్రాలు వానాకాలం రాగానే నేల మీద గొడుగులు పరుస్తాయి. రస్యులా అలాంటి వాటిలో ఒకటి. టెర్రీ హెంకెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, అక్కడి పటమోనా తెగ మనుషుల సాయంతో ఏళ్ల తరబడి ఆ తోపుల్లో తిరిగి, లోకానికి తెలియని రకాలు ఎన్నో బయటపెట్టాడు. కైటూర్ జలపాతం 226 మీటర్ల కిందికి దూకేది ఆ పొటారో నదే. మనకు ఈ పోలిక చూడాలంటే బస్తర్ పోవాలి. అక్కడి గుగ్గిలం చెట్ల అడవుల్లో తొలి వానలకు 'బోడ' తవ్వుతారు. అదీ చెట్టు వేరును పట్టుకుని బతికే గొడుగు జాతే.

మీ బాబుకు ఈ మాటలు చదివి వినిపించండి. టోపీ ఫొటో ఒక్కటి తీస్తే మనిషి నడినెత్తి ఫొటో తీసినట్టు. పక్కనుంచి ఒకటి, టోపీ కింద రేకులున్నాయో రంధ్రాలున్నాయో కనబడేలా ఒకటి తీయాలి. పక్కన నాణెం పెట్టాలి. అది దేని మీద మొలిచిందో తీయాలి: పుల్లా, బతికున్న చెట్టా, రాలిన ఆకా, పేడా, మట్టా. మట్టి అయితే చుట్టూ ఏ చెట్లున్నాయో కూడా తీయాలి. కాడ అడుగున మట్టి కొంచెం తొలగించి చూడాలి, అక్కడ గిన్నెలాంటి తొడుగు ఉండొచ్చు. ఆ తొడుగు తెలియకపోతే మిగతావి ఎన్ని తెలిసినా లాభం లేదు. గోటితో గీరి, నిమిషం ఆగి, రంగు మారిందేమో చూడాలి. వాసన రాసుకోవాలి, ఎందుకంటే సాయంత్రానికి గుర్తుండదు. ఫోన్‌లో యాప్ ఏదో పేరు చెబుతుంది, ఎంత ధీమాగా చెబుతుందో! ఇప్పటిదాకా మనిషి పేరు పెట్టిన శిలీంధ్రాలు దాదాపు లక్షన్నర. లోకంలో 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో వేసిన అంచనా. పేరు లేనివాటిలో చాలావరకు ఆ ఉష్ణమండల అడవుల్లోనే ఉన్నాయి. పేరే లేని గొడుగుకు యాప్ ఏం పేరు చెబుతుంది?

కోసి జేబులో వేసుకుని మాత్రం రావద్దనండి. అక్కడ నమూనాలు సేకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. నేనూ ఫొటోలు, నోటుబుక్కులతోనే తిరిగొచ్చాను. అనుమతి ఉన్నవాళ్లు కూడా కాగితంలోనో ఆకులోనో చుడతారు, పాలిథిన్ కవరులో వేయరు. ఈ పాఠం నాకు పాకాలలో తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ పొద్దంతా తిరిగి పోగేసిన ఇరవై రకాలు కవర్లలో వేసి, కిక్కిరిసిన బస్సులో హన్మకొండ తెచ్చాను. ఇంటికొచ్చి విప్పితే కవర్లలో ఉన్నది పులిసిన పిండి.

తినేవా అని అడిగారు. ఆ ఆలోచనే బాబుకు రానివ్వకండి. ఎందుకో కింద భూపాలపల్లి ఉత్తరానికి రాశాను.

ప్ర: మన పుట్టగొడుగులు అమెజాన్ అడవుల్లో కూడా మొలుస్తాయా? – డిగ్రీ విద్యార్థిని, ములుగు

జ: మొలవవు. మన పేరులోనే జవాబుంది చూడు తల్లీ. పుట్ట మీద మొలిచే గొడుగు. ఆ పుట్ట చెదలది. చెదలు నేల కింద, నమిలిన పుల్లలతో తేనెతుట్టె లాంటి గూడు కట్టి, దాని మీద శిలీంధ్రాన్ని పెంచుతాయి, దాన్నే తింటాయి. వానలకు ఆ తోటలోంచి పైకి వచ్చేదే మనం వండుకునేది. శాస్త్రంలో టెర్మిటోమైసిస్ అంటారు. తాడ్వాయి దగ్గర అమ్మే ముసలమ్మ ఒకామె నాకు దాని కాడ పట్టి మెల్లగా లాగి చూపించింది. మట్టిలోంచి వస్తూనే ఉంది, మూరెడు పొడుగు వేరు, కింద చెదల తోట దాకా. "వేరు లేకుంటే నేను ముట్టనమ్మా" అంది. ఆ ఒక్క మాటలో నేను క్లాసులో గంటసేపు చెప్పేదంతా ఉంది. ఇలా శిలీంధ్రం పెంచే చెదలు ఆసియాలో, ఆఫ్రికాలో ఉన్నాయి గానీ అమెరికా ఖండాల్లో లేవు. కాబట్టి ఆ గొడుగూ లేదు.

అక్కడ ఆ సేద్యం చీమలది. గయానాలో వాటిని అకూషి చీమలంటారు. కర్రపెండలం వేసుకున్నవాళ్లు వాటి పేరు చెబితే పళ్లు కొరుకుతారు, ఒక్క రాత్రిలో చేను చేనంతా కత్తిరించి మోసుకుపోతాయి మరి. మా గుడిసె ముందు నుంచే వాటి దారి ఒకటి ఉండేది. అరచేతి వెడల్పున, చీపురుతో ఊడ్చినంత శుభ్రంగా. దాని మీద పచ్చటి ఆకుముక్కలు నడుచుకుంటూ పోతున్నట్టుండేవి. టార్చి వేస్తే గానీ కింద చీమ కనబడదు. కొన్ని ముక్కల మీద ఇంకో చిన్న చీమ ఎక్కి కూర్చుని ఉండేది, ఎడ్లబండి మీద పిల్లాడిలా. అది ఊరికే షికారు చేయడం లేదు, ఆకు మోసే చీమ మీద గుడ్లు పెట్టే ఈగలను కాపలా కాస్తోంది.

ఆ ఆకులను చీమలు తింటాయనే చాలాకాలం అనుకున్నారు. 1874లో థామస్ బెల్ట్ అనే గని ఇంజినీరు, నికరాగ్వాలో వాటి గూళ్లు తవ్వి చూసి, ఆకులు ఎరువు మాత్రమేనని, వాటి మీద బూజు పెంచుకుని తింటున్నాయని రాశాడు. తర్వాత బ్రెజిల్‌లో ఆల్‌ఫ్రెడ్ మోలర్ ఆ తోటలను వివరంగా పరిశీలించి 1893లో అచ్చేశాడు. నాకు వీటిలో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కొత్త రాణి గూడు వదిలి ఎగిరేటప్పుడు నోటిలోని చిన్న సంచిలో ఆ శిలీంధ్రపు ఉండ ఒకటి పెట్టుకుని పోతుంది. కాపురానికి పోయే పిల్ల పుట్టింటి నుంచి తోడు పెరుగు తీసుకుపోయినట్టు. మన ఉసిళ్లలో, అంటే రెక్కలొచ్చి ఎగిరే చెదల్లో, ఎక్కువ రకాలు ఉత్త చేతులతోనే పోతాయి. పుట్ట కట్టాక మొదటి పిల్లలు బయటికి వచ్చి, గొడుగులు రాల్చిన బీజాలు వెతికి తెచ్చుకోవాలి. అందుకే మన శిలీంధ్రం ఏడాదికోసారి గొడుగు ఎత్తక తప్పదు. చీమల శిలీంధ్రానికి ఆ అవసరం లేదు, రాణి నోట్లో కూర్చుని పోతుంది. గొడుగు ఎత్తడం ఎప్పుడో గానీ జరగదు.

ప్ర: మా హాస్టల్ చుట్టూ కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. వేరే దేశాల్లో కూడా ఇలాగే అంటారా? – గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడు, హన్మకొండ

జ: అంటారు. గొడుగును దక్షిణ అమెరికా ఆండీస్ కొండల కెచువా భాషలో కయాంపా అంటారు, అక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్లూ ఆ మాటే వాడుకుంటారు. చిలీలో ఊరి చివర రాత్రికి రాత్రి వెలిసే గుడిసెల పేటలకు 'కయాంపా పేటలు' అని పేరు. కోచింగ్ సెంటర్లకు ఏమంటారో మరి. చదువు మానేసి ఉత్తరాలు రాయకు.

ప్ర: మా నానమ్మ చిన్నప్పుడు మేడారం అడవిలో రాత్రిపూట పుచ్చిన మొద్దు వెలగడం చూసిందట. కొరివి దయ్యం అని పరుగెత్తుకొచ్చారట. ఇది నిజమేనా? – ఒక పాఠకురాలు, మంచిర్యాల

జ: నానమ్మ చూసింది నిజమే అయి ఉంటుంది. దయ్యం సంగతి నేను హామీ ఇవ్వలేను. కుళ్లే కట్టెలో అల్లుకున్న కొన్ని శిలీంధ్రాల దారాలు చీకట్లో లేత ఆకుపచ్చగా వెలుగుతాయి. వానాకాలంలో, అమావాస్య చుట్టుపక్కల, టార్చి ఆర్పి పది నిమిషాలు కళ్లు అలవాటు పడేదాకా నిలబడితే కనబడుతుంది. మనం నిలబడం. ఫోన్ లైటు వేసుకుంటాం.

బ్రెజిల్‌లో ఇలాంటిదే ఒక గొడుగు ఉంది. జార్జ్ గార్డ్నర్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు నతివిదాద్ అనే ఊళ్లో రాత్రి వీధిలో పోతుంటే పిల్లలు ఏదో వెలిగేదాన్ని పట్టుకుని ఆడుకుంటున్నారు. మిణుగురేమో అనుకున్నాడు. దగ్గరికి పోయి చూస్తే గొడుగు. పొట్టి తాటిజాతి చెట్ల మొదట్లో, ఎండాకుల మీద పెరిగేది. అక్కడివాళ్లు దాన్ని కొబ్బరిపువ్వు అనేవాళ్లు. 1840లో దానికి గార్డ్నర్ పేరే పెట్టారు. ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తల కంట పడలేదు, ఈ శతాబ్దంలో మళ్లీ దొరికింది. ఊరి పిల్లలకు ఎప్పుడూ పోలేదనుకోండి, మనకే పోయింది. 2015లో వచ్చిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, ఆ వెలుగు రోజంతా ఒకేలా ఉండదు, లోపలి గడియారం చెప్పినట్టు రాత్రికి పెరుగుతుంది. వెలుగు ఎందుకో చూద్దామని బొమ్మ గొడుగులు చేసి, లోపల ఆకుపచ్చ ఎల్ఈడీ దీపాలు పెట్టి, పైన జిగురు పూసి అడవిలో ఉంచారు. దీపం ఉన్నవాటికి పురుగులు ఎక్కువగా అంటుకున్నాయి. బీజాలు మోయడానికి కూలీలను పిలుస్తోందన్నమాట, దీపం పెట్టి మరీ.

ప్ర: చీమ తలలోంచి మొలిచే శిలీంధ్రం గురించి వీడియో చూశాను. అది మనుషులకు కూడా వస్తుందా? రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. – తొమ్మిదో తరగతి, జనగామ

జ: రాదు నాన్నా, పడుకో. అది ఓఫియోకార్డిసెప్స్. ఒక్కో రకం ఒక్కో జాతి చీమకు కట్టుబడి ఉంటుంది. 2011లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ అడవుల్లో నాలుగు చీమజాతుల మీద నాలుగు వేరువేరు రకాలను గుర్తించారు. చీమ ఇల్లు వదిలి, నేలకు కొంచెం ఎత్తులో ఆకు అడుగున ఈనెను కొరికి పట్టుకుని చచ్చిపోతుంది. తర్వాత మెడ వెనక నుంచి కాడ వస్తుంది. ఎనిమిది రోజులు ఆకులు తిప్పి తిప్పి చూస్తే నాకు ఒక్కటే కనబడింది, అదీ చివరి రోజు. అగ్గిపుల్ల కన్నా సన్నం. కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని చూశాను.

ప్ర: అమెజాన్‌లో ప్లాస్టిక్ తినే పుట్టగొడుగు దొరికిందట కదా. వరంగల్ డంప్ యార్డులో వేస్తే సరిపోదా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

జ: సార్, అది పుట్టగొడుగు కాదు. మొక్క కాండం లోపల బతికే బూజు, పేరు పెస్టలోటియోప్సిస్. ఈక్వెడార్ అడవిలో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు సేకరించిన వాటిలో దొరికింది, 2011లో అచ్చయింది. తినేది కూడా అన్ని ప్లాస్టిక్కులనూ కాదు, పాలీయురిథేన్ అనే ఒక రకాన్ని. గాలి లేకపోయినా ఆ పని చేస్తుందని తేలడం విశేషం. కానీ ప్రయోగశాల పళ్లెంలో చేసింది వేరు, డంప్ యార్డు వేరు. అది డంప్ యార్డులో పని చేసేదాకా బట్టసంచి పట్టుకుని కూరగాయలకు పోదాం.

ప్ర: గొడుగులు వండేటప్పుడు వెల్లుల్లి రెబ్బ వేసి, నల్లబడకపోతే తినొచ్చని మా అత్తమ్మ అంటుంది. పురుగు కొరికింది మనిషికీ మంచిదేనట. అమెజాన్‌లో ఉండేవాళ్లు ఎలా పరీక్షిస్తారు? – ఒక గృహిణి, భూపాలపల్లి

జ: అత్తమ్మ మీద గౌరవం ఉంచుకుని చెబుతున్నాను, రెండూ తప్పే. వెల్లుల్లి, వెండి చెంచా, బియ్యం, పసుపు... ఏదీ పనికిరాదు. మనిషిని చంపే విషం పురుగును ఏమీ చేయకపోవచ్చు. ముఖ్యమైన విషం అమటాక్సిన్. ఎంతసేపు ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. రుచి బాగుందనే చెబుతారు తిన్నవాళ్లు. ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు. మర్నాటికి తగ్గినట్టే ఉంటుంది, హమ్మయ్య అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. లోపల లివర్ పాడవుతూ ఉంటుంది. అడవి గొడుగు తిన్న ఆరేడు గంటల తర్వాత వాంతులు మొదలైతే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. చెత్తబుట్టలో మిగిలిన ముక్క, కడగని గిన్నె ఉంటే అవీ వెంట తీసుకుపోవాలి, డాక్టరుకు అదే ఆధారం.

అమెజాన్‌వాళ్లు పరీక్షించరమ్మా. వాళ్లకు తెలుసు. బ్రెజిల్ ఉత్తరాన యానోమామి జనంలో సనుమా అనే తెగ ఉంది. వాళ్లు తినే గొడుగులు ఎక్కువగా సొంత చేలలోనే మొలుస్తాయి. అడవి కొట్టి కర్రపెండలం వేసినప్పుడు పడగొట్టిన మానులు అక్కడే వదిలేస్తారు, వానకు వాటి మీద పూస్తాయి. ఏ మాను మీద ఏది, ఎన్ని వానల తర్వాత వస్తుంది, ఏది ఆకులో చుట్టి కాల్చాలి అన్నది ఆడవాళ్లకు కంఠతా. ఇప్పుడు ఎండబెట్టి పట్నాలకు అమ్ముతున్నారు కూడా. మా తాడ్వాయి ముసలమ్మ కూడా వెల్లుల్లి వేయదు, వేరు చూస్తుంది. ఆ చోటు, ఆ పుట్ట, ఆ కార్తె, పుట్టిన దగ్గర నుంచీ చూస్తోంది. మీరు ఆమె దగ్గర కొనుక్కోండి. పెరట్లోవి వండకండి.

ప్ర: మేడమ్ గారూ, మా స్కూలు గ్రౌండ్‌లో మొలిచిన పెద్ద తెల్ల గొడుగుల ఫొటో పంపితే, కిందటి సంచికలో 'ఇది లెపియోటా రకం, భయపడాల్సింది లేదు' అని రాశారు. మీరే ఒకసారి చెప్పారని మా పిల్లలు టోపీని తెల్లకాగితం మీద బోర్లించి, స్టీలు గిన్నె మూత పెట్టారు. తెల్లారి తీస్తే కాగితం మీద ఆకుపచ్చ రంగు! – సైన్స్ టీచర్, పరకాల

జ: తప్పు నాది. పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి రాశాను. నర్సంపేట తండ్రికి అంత ఉపన్యాసం ఇచ్చింది కూడా నేనే. పైగా ఆ వాక్యంలో ఉన్నవి రెండు తప్పులు. లెపియోటాల్లో అమటాక్సిన్ ఉన్నవీ ఉన్నాయి కాబట్టి, అది నిజంగా లెపియోటా అయినా 'భయపడాల్సింది లేదు' అనకూడదు.

ఆకుపచ్చ బీజాలు రాల్చింది కాబట్టి మీది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఇప్పుడు మీ ఫొటో మళ్లీ పెద్దది చేసి చూస్తే, తెల్ల టోపీ మధ్యలో గోధుమ రంగు పెచ్చులు, వెనక గడ్డిలో గుండ్రంగా ఒక వలయంలా మొలిచిన మిగతావి కనబడుతున్నాయి. కాడకు ఉంగరం ఉండాలి, వేలితో జరిపితే పైకీ కిందికీ కదలాలి. చూసి చెప్పండి. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, ముదిరాకే పచ్చబడతాయి. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వాంతులు. ప్రాణం పోవడం అరుదే గానీ, చిన్నపిల్లలకు ఆసుపత్రి తప్పదు. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. ప్రార్థనలో పిల్లలందరికీ చెప్పండి.

మీ పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఈ గొడుగు ఇప్పుడు వేడి దేశాలన్నిట్లో పచ్చికల మీద మొలుస్తోంది. దీన్ని మొట్టమొదట వర్ణించింది 1818లో, మేయర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు, ఎసెక్వీబో ప్రాంతపు మొక్కల మీద లాటిన్‌లో రాసిన పుస్తకంలో. ఎసెక్వీబో గయానాలో అన్నిటికన్నా పెద్ద నది. ఇవోక్రమలో మేమున్న గుడిసె దాని ఒడ్డునే. ఎనిమిది రోజులూ అడవి లోపలికే పోయాను గానీ, గుడిసె ముందు గడ్డిలో ఏం మొలిచిందో ఒక్కసారీ వంగి చూడలేదు.

ఆ పచ్చ కాగితం పారేయకండి. వెనకవైపు తేదీ, గ్రౌండ్‌లో ఏ మూల దొరికింది, ఎన్ని గంటలు మూత పెట్టారు, పెట్టిన పిల్లల పేర్లు పెన్సిల్‌తో రాయించండి. పైన ఇంకో కాగితం కప్పి, అట్టల మధ్య పెట్టి, పత్రిక చిరునామాకు నా పేరున పంపండి. ఈసారి టోపీని సగం తెల్లకాగితం, సగం నల్లకాగితం మీద పెట్టమనండి, తెల్ల బీజాలు రాల్చేవి తెల్లకాగితం మీద కనబడవు.